వేలిముద్ర పోయి ఓటీపీ వచ్చింది

(జహీరాబాద్‌లో తండాల యువత కూడిన చోట చేసిన ప్రసంగ పాఠం. రాలేకపోయినవాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నాం.)

 

ఇవాళ భూమి గురించి కాదు, పోడు గురించి కాదు, రిజర్వేషన్ గురించి కూడా కాదు మాట్లాడేది. మన ఒంటి గురించి. మన ఒంట్లో ఏ రోగముందో రాసిన కాగితం ఎవరి చేతిలో ఉండాలె అన్న సంగతి గురించి. "ఇది కూడా ఒక హక్కుల సమస్యేనా అన్నా?" అని మీలో కొందరు అనుకుంటుండవచ్చు. కాసేపు వినండి, తర్వాత మీరే చెప్పండి.

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. రోగి కాగితాలన్నీ ఒక్కచోట ఉండాలన్న ఆలోచన చెడ్డది కాదు. మీ ఇంట్లో దూలానికో, గోడ మేకుకో వేలాడే ప్లాస్టిక్ కవరు ఉంటది కదా. అందులో అమ్మ షుగర్ చిట్టీలు, నాయిన ఎక్స్‌రే, చెల్లె కాన్పు కార్డు, నాలుగేండ్ల కిందటి స్కానింగ్ కాగితం అన్నీ కలిసిపోయి ఉంటయి. జహీరాబాద్ ఏరియా దవాఖానకు పోతే ఒక చిట్టీ. అక్కడ కాదంటే సంగారెడ్డి. సంగారెడ్డి కన్నా దగ్గరని చానామంది బీదర్ పోతారు, అది కర్ణాటక. మరీ కష్టమైతే పట్నం, గాంధీకో ఉస్మానియాకో. పోయిన ప్రతి చోట మొదటి నుంచి కథ చెప్పాలె, మళ్ళీ రక్తం ఇయ్యాలె, మళ్ళీ పైసలు కట్టాలె. చెరుకు కొట్టుడుకు పోయిన కుటుంబమైతే ఆ కవరు ఏ గుడిసెలో తడిసిపోయిందో తెల్వదు. సికిల్ సెల్ ఉన్న పిల్లగాడు అర్ధరాత్రి నొప్పులతో మెలికలు తిరుగుతుంటే, అక్కడున్న డ్యూటీ డాక్టర్‌కు వాని పాత రిపోర్టు తెర మీద కనబడితే వాని పాణం నిలబడవచ్చు. అందుకని "కంప్యూటర్ వద్దు, కాగితమే మేలు" అనే మాట నేను అనను. కాగితం మనల్ని ఏమంత కాపాడలేదు.

నేను అడిగేది వేరు. డాక్టర్ చూడడం ఒకటి, లోకమంతా చూడడం మరొకటి. ఈ రెండింటి నడుమ తలుపు ఉందా? ఉంటే దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మన రాష్ట్రంలో ఏం జరుగుతున్నదో చూడండి. 2022 మార్చిలో రాష్ట్ర సర్కారు ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో హెల్త్ ప్రొఫైల్ అని మొదలుపెట్టింది. ఇంటింటికీ పోయి 18 ఏండ్లు దాటినవాళ్ళకు బీపీ, షుగర్ చూసి, రక్తం తీసి, వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. రాష్ట్రమంతటికీ ముందు నమూనాగా ఎంచుకున్న రెండు జిల్లాల్లో ఒకటి కోయ గూడేల ములుగు అన్నది గుర్తుపెట్టుకోండి. సర్కారు మారింది, ఆలోచన మారలేదు. 2024 అక్టోబరులో కొత్త సర్కారు ఫ్యామిలీ డిజిటల్ కార్డు కోసం 119 నియోజకవర్గాల్లో, ఒక్కోదాంట్ల రెండు చోట్ల లెక్కన, 238 చోట్ల ఇల్లిల్లూ తిరిగింది. మన జహీరాబాద్ నియోజకవర్గం కూడా ఆ లెక్కలో ఉన్నదే. రేషన్, ఆరోగ్యశ్రీ, మిగతా పథకాలు అన్నీ ఒకే కార్డు మీదికి వస్తయని చెప్పారు. ఇక కేంద్రానిది ఆభా నంబరు, 14 అంకెలది. 2020 ఆగస్టు 15న ప్రకటించి, 2021 సెప్టెంబరు నుంచి దేశమంతా ఇస్తున్నారు.

ఆభా కట్టుబడిని ఉన్నదున్నట్టు చెప్పుకుందాం, లేకుంటే మన వాదన బలహీనమైతది. కాగితం మీద అది మంచిగనే ఉంది. రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకే డబ్బాలో పోయరు, ఏ దవాఖానవి ఆ దవాఖానలోనే ఉంటయి. ఇంకో డాక్టర్ చూడాలంటే మనకు అడుగు వస్తది. ఎవరు చూస్తారు, ఎందుకు, ఎన్ని రోజులు అని. మనం సరే అంటేనే చూడాలె. సరే అన్నదాన్ని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. నంబరు తీసుకోవడం మన ఇష్టం, అది లేదని వైద్యం నిరాకరించరాదు అని 2020 డిసెంబరు నాటి విధానంలోనే రాసి ఉంది.

రాసి ఉంది. జరిగేది ఏంది?

ఓపీ చిట్టీ రాసే కిటికీ కాడ ఏమైతదో మీకు తెల్సు. "ఆధార్ ఇయ్యి. ఫోన్‌కు ఒక నంబరొస్తది, చెప్పు." అంతే. వెనక యాభై మంది లైన్ల ఉన్నరు, చంకలో పిల్లకు జ్వరం. ఆ నంబరు ఎందుకో అడిగే తీరిక మనకు లేదు, చెప్పే తీరిక రాసేటాయనకూ లేదు. పోనీ ఆ ఫోన్ ఎవరిది? తండాలో చాలా ఇండ్లల్లో ఆధార్‌కు కలిపిన నంబరు కొడుకుది, లేకుంటే మరిదిది, లేకుంటే మూడేండ్ల కింద రీచార్జి చేయక బందైన సిమ్ముది. ఒక ఆడమనిషి గర్భం పోయిందని దవాఖానకు వచ్చింది అనుకోండి. ఆమె సమ్మతి అడిగే మెసేజ్ మరిది జేబులో మోగుతది. ఆమె రిపోర్టు ఆమె కన్నా ముందు ఇంకెవరో చూస్తరు. దీన్నే అనుమతి అంటున్నరు. రాసేటాయన మీద కోపం లేదు నాకు. ఆయనకూ పైనుంచి లెక్క ఉంటది, రోజుకు ఇన్ని నంబర్లు చేయాలని.

వెనుకటికి వేలిముద్ర వేయించుకున్నారు, భూమి పోయింది. ఇప్పుడు ఓటీపీ. ముద్ర వేసేటప్పుడు కనీసం వేలికి సిరా అంటేది, ఏదో చేసినమన్న గుర్తు ఉండేది.

అనుమతి అనే మాట మన దగ్గర ఎట్లా చెల్లిందో ఒక పాత సంగతి చెప్తాను. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకాను పదేండ్ల నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ చేసిన అధ్యయనం అది, ఐసీఎంఆర్, రాష్ట్ర సర్కారు తోడున్నాయి. దాదాపు 14 వేల మంది పిల్లలు. వాళ్ళలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చని సర్కారు వేసిన విచారణ కమిటీ చెప్పింది, ఆ మాట కూడా చెప్పాల్సిందే. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. అందులో అనుమతి పత్రాల లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

వార్డెన్ సంతకం. తల్లి ఊర్లనే ఉంది, తండ్రి ఊర్లనే ఉన్నడు, పొద్దున పోయి అడిగితే సాయంత్రానికి జవాబు వస్తది. కానీ అడగలేదు. ఎందుకు అడగలేదంటే, అడగాల్సిన మనుషులని మనల్ని అనుకోలేదు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, ఆ టీకా ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, దాన్ని భయపెట్టే కథగా తండాల్లో చెప్పకండి. అక్కడ తప్పు సూదిలో కాదు, సంతకంలో ఉంది. ఆ వార్డెన్ సంతకమే ఇప్పుడు ఆరు అంకెలై ఇంకొకరి ఫోన్‌కు వస్తున్నది.

"అయితే ఏమైతదన్నా, నా బీపీ ఎంతో తెలిస్తే ఎవనికేం లాభం?" అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న.

2018లో ఆంధ్రప్రదేశ్‌లో అన్న సంజీవని మందుల దుకాణాల సంగతి బయటపడింది. సర్కారు వెబ్‌సైట్‌లో ఎవరు ఏ మందు కొన్నారో, వాళ్ళ పేరు, ఫోన్ నంబరుతో సహా ఎవరైనా చూసేటట్టు పెట్టారు. మగతనం మందు కొన్నవాళ్ళ పేర్లతో సహా. దాన్ని బయటపెట్టింది హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. ఎవరూ దొంగతనం చేయలేదు, తాళం పగలగొట్టలేదు. తలుపే పెట్టలేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్ల మీద దాడి జరిగి, అంత పెద్ద దవాఖాన రోజుల తరబడి మళ్ళీ కాగితాల మీద నడిచింది. 2023 జూన్‌లో కరోనా టీకా వేసుకున్నవాళ్ళ వివరాలు టెలిగ్రామ్‌లో ఫోన్ నంబరు కొడితే వచ్చినయి. ఎయిమ్స్‌కే దిక్కు లేకపోతే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పాస్‌వర్డ్ చీటీ రాసి తెరకు అంటించిన కంప్యూటర్ సంగతి మీరే ఊహించుకోండి.

కానీ దొంగతనం కన్నా నాకు భయమైంది ఇంకోటుంది. వివరాలన్నీ ఒకదానికొకటి అతికించి, మనిషి చూడకుండా యంత్రం తీర్పు చెప్పుడు. మన రాష్ట్రం దీన్ని ఒకసారి చేసి చూపించింది. 2014 తర్వాత 19 లక్షల రేషన్ కార్డులు రద్దయినయి. ఇంటికొచ్చి చూసింది లేదు, నోటీసు ఇచ్చింది లేదు, కంప్యూటర్ తీసేసింది. హైదరాబాద్‌కు చెందిన ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా పోతే, 2022 ఏప్రిల్‌లో కోర్టు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి పరిశీలించమన్నది. సమగ్ర వేదిక అని మన సర్కారు దగ్గర ఒక ఏర్పాటుంది. వేర్వేరు శాఖల లెక్కలు కలిపి, ఈ పేరు ఆ పేరు ఒకటే అని పోల్చి, నీకు కారు ఉంది, నీకు బియ్యం లేవు అని చెప్తది. కారు ఇంకొకరిది, పేరు మాత్రం కలిసింది. మన తండాల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఎంతమందికి ఉన్నయో లెక్కపెట్టుకోండి. రాథోడ్‌లు, పవార్‌లు, జాదవ్‌లు. రేపు దానికి ఆరోగ్యం లెక్క కూడా కలిస్తే, ఇంకొకరి రోగం మీ పేరు మీద, మీ రోగం ఇంకొకరి పేరు మీద ఎక్కితే, రేషన్ కార్డు పోయినట్టే పోతది. కాకుంటే ఈసారి పోయేది బియ్యం కాదు.

ఇంకో ముచ్చట. "పేర్లు తీసేసి లెక్కలు మాత్రమే పంచుకుంటం, భయం లేదు" అంటారు. హైదరాబాద్‌లో అది నిజం కావచ్చు. కూకట్‌పల్లిలో ఇరవై రెండేండ్ల ఆడమనిషికి ఫలానా రోగం అంటే ఎవరికీ తెల్వదు. నలభై ఇండ్ల తండాలో అదే మాట అంటే? ఇరవై రెండేండ్ల ఆడమనుషులు ఆ తండాలో ముగ్గురుంటరు. పేరు తీసేసినా ముఖం కనబడుతది. చిన్న సమాజాలకు పేరు తీసేసుడు దాపరికం కాదు. ఈ సంగతి కంప్యూటర్ తయారుచేసేవాళ్ళకు తట్టదు, వాళ్ళెవరూ నలభై ఇండ్ల ఊర్ల ఉండరు కాబట్టి.

తెలిస్తే లాభం ఎవరికో కూడా చెప్తాను. 1999లో, మళ్ళీ 2001లో మన లంబాడా ఆడబిడ్డలను దళారులు కొని దత్తత సంస్థలకు అమ్మిన వ్యవహారం బయటపడింది. ఏ తండాలో, ఏ ఇంట్లో, మూడో ఆడపిల్ల పుట్టబోతున్నదో వాళ్ళు తిరిగి తిరిగి కనుక్కునేవాళ్ళు. ఇప్పుడు ప్రతి గర్భవతి వివరం, ఎన్నో కాన్పు, ఎప్పుడు డేటు, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఒకచోట రాసి ఉంటయి. చెరుకు మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు ఎవరికి టీబీ ఉందో తెలిస్తే లాభమే. ఇన్సూరెన్స్ కంపెనీకి లాభమే. మనల్ని పేదవాళ్ళమని, మన సమాచారానికి విలువ లేదని అనుకోకండి.

ఇక సికిల్ సెల్. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 17 రాష్ట్రాలు, అందులో మనదీ ఉంది. ఉత్తరాన ఆదిలాబాద్ గోండులకు, తూర్పున కోయలకు ఇది రోజూ ఉన్న బాధ. ఆ పరీక్షలు కావాలి, మందులు కావాలి, ఆ విషయంలో మనం వెనక్కి పోవద్దు. పరీక్ష తర్వాత ఒక కార్డు ఇస్తారు. రోగం ఉందా, రోగం లేదు గానీ పిల్లలకు అందించే గుణం ఉందా అని దానిమీద తెలుస్తది. పెండ్లికి ముందు కార్డులు కలిపి చూసుకోండి అంటున్నారు. శాస్త్రం ప్రకారం సబబే. ఇద్దరికీ ఆ గుణముంటే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం, పిల్లకు రోగం వచ్చేందుకు. కానీ కార్డు ఆ పిల్ల చేతిలో ఉండుడు వేరు, పోర్టల్‌లో ఉండి పది మంది చూసుడు వేరు. ఆ గుణమున్న పిల్లకు ఏ రోగమూ లేదు, ఆమె గట్టిగ పని చేసుకుంటది. అయినా "దాని రక్తం మంచిది కాదు" అనే మాట ఊర్ల పుడితే దాన్ని ఏ కంప్యూటర్ తుడిపేయలేదు. పైగా ఒక్క పిల్ల రిపోర్టు ఆమె ఒక్కదానిది కాదు. అక్కలది, తమ్ముళ్ళది, మేనమామ పిల్లలది కూడా. ఒకరు ఓటీపీ చెప్తే వంశం మొత్తం రాసి ఇచ్చినట్టే.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయి అనే చిన్న ఆదివాసీ జాతి ఉంది. వాళ్ళల్లో షుగర్ ఎక్కువ. 1990 నుంచి యూనివర్సిటీవాళ్ళు షుగర్ పరిశోధనకని రక్తం తీసుకున్నారు. తర్వాత తెలిసింది ఏందంటే, అదే రక్తం మీద మానసిక రోగాల గురించి, దగ్గరి చుట్టరికపు పెండ్లిళ్ళ గురించి, ఆ జాతి ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని గురించి కూడా చదువులు చేసిండ్రు. మేము ఈ లోయలోనే పుట్టినం అని నమ్మే జనం వాళ్ళు. కోర్టుకు పోయిండ్రు. 2010లో యూనివర్సిటీ 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు ఇచ్చి, రక్తం సీసాలు తిరిగి అప్పజెప్పింది. ఆ జాతివాళ్ళు పోయి తమ రక్తాన్ని వెనక్కి తెచ్చుకున్నరు. కంప్యూటర్‌లోకి ఎక్కినదాన్ని అట్లా సీసాలో పట్టుకొని రాలేం.

చట్టం లేదా అంటే, ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నరు. 2018లో ఆరోగ్య సమాచారానికే ప్రత్యేకంగా దిశ అనే చట్టం ముసాయిదా వచ్చింది, అది ముసాయిదాగానే పోయింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చినయి, అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చిండ్రు. లాయర్ల మాటలు పక్కనపెట్టి మనకు తగిలే మూడు సంగతులు చెప్తాను. 2011 నాటి పాత నియమాల్లో ఆరోగ్య వివరాలు సున్నితమైనవి అని వేరే గుర్తింపు ఉండేది, కొత్త చట్టంలో అది లేదు. మీ రోగమూ, మీ ఫోన్ నంబరూ ఒకే గాటన. రెండోది, వివరాలు బయటికి పోతే 250 కోట్ల వరకు జరిమానా వేయవచ్చు, కానీ ఆ పైసలు సర్కారు ఖజానాకు పోతయి, నష్టపోయిన మనిషికి కాదు. నష్టపరిహారం అడగడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ను ఈ చట్టమే తీసేస్తున్నది. మూడోది భాష. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు ఇంగ్లీషులోనో, ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోనో అడిగే హక్కు ఉంది. ఆ 22లో సంతాలీ ఉంది, బోడో ఉంది. మన గోర్ బోలి లేదు. గోండి లేదు. కోయ లేదు. అంటే మీ ఇంట్ల ముసలి యాడికి ఆమె భాషలో చెప్పాలని అడిగే హక్కు ఆ చట్టంలో లేదు.

హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు మాత్రం 2017 చట్టం గట్టిగ ఉంది, వాళ్ళ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా చెప్పడం నేరుగా ఆ చట్టాన్ని మీరినట్టే. ఇది తెల్సుకొని ఉండండి, అవసరం పడుతది.

సరే, ఏం చేద్దాం?

మన జహీరాబాద్ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, పెసా చట్టం ఇక్కడ చెల్లదు. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు ఎన్నో గ్రామ పంచాయతీలైనయి. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలె. సిమెంట్ రోడ్డు, వీధి దీపాల మాటే కాదు, ఇది కూడా అక్కడ మాట్లాడొచ్చు. హెల్త్ ప్రొఫైల్ టీమ్ తండాకు వచ్చే ముందు గ్రామసభకు వచ్చి చెప్పాలని తీర్మానం రాయించండి. ఏం పరీక్ష చేస్తరు, ఎక్కడ దాస్తరు, ఏ ఏ శాఖ చూస్తది, వద్దంటే ఏమైతది అని, గోర్ బోలిలో చెప్పాలె. చెప్పేవాళ్ళు లేరంటే మీరున్నరు కదా, చదువుకున్నరు. మాచ్‌నూరులో 2008 నుంచి దళిత అక్కలు సంగం రేడియో నడుపుతున్నరు. చదువు లేని ఆడవాళ్ళు స్టేషన్ నడిపిన గడ్డ మీద, ఒక నోటీసును మన భాషలో చదివి వినిపించడం అసాధ్యమంటే నేను ఒప్పుకోను.

సర్కారును ఇంకోటి అడగాలె. ఎస్టోనియా అనే చిన్న దేశంలో దేశమంతటి ఆరోగ్య రికార్డులు కంప్యూటర్‌లోనే ఉన్నయి. అక్కడ ప్రతి మనిషి తన రికార్డును ఎవరెవరు, ఎప్పుడు తెరిచి చూసిండ్రో చూసుకోవచ్చు. అట్లాంటిది ఇక్కడ కావాలె. మన యాప్‌లో కనబడితే చాలదు, ఫోన్ లేనివాళ్ళకు ఆరోగ్య కేంద్రంలో అడిగితే కాగితం మీద తీసి ఇయ్యాలె. సర్కారు మన గురించి అన్నీ తెల్సుకుంటున్నప్పుడు, ఎవరు తెల్సుకున్నరో మనకు తెలియడం పెద్ద కోరిక ఏం కాదు.

రేపు పొద్దున మీరు మీ ఇంట్లనే చేయగలిగినవి ఉన్నయి. అమ్మానాయినల ఆధార్‌కు ఏ నంబరు కలిసి ఉందో చూడండి, బందైన సిమ్ ఉంటే మార్పించండి. ఆభా ఇప్పటికే ఉందేమో చూడండి, కరోనా టీకా అప్పుడే ఎంతోమందికి తెలియకుండా తయారైంది. ఉంచుకోవాలంటే ఉంచుకోండి, వద్దంటే తీసేయించుకునే దారి ఆ యాప్‌లోనే ఉంది. కిటికీ కాడ ఓటీపీ అడిగితే "ఇది దేనికి సార్?" అని ఒక్క మాట అడగండి, గట్టిగ కాదు, మామూలుగనే. ఆభా లేకుండా చిట్టీ రాయనంటే, అట్లా రాసిన కాగితం ఇయ్యమనండి. మీ రికార్డు మీరు అడిగితే డాక్టర్ 72 గంటల్లో ఇయ్యాలని వైద్య మండలి 2002 నియమాల్లో ఉంది, అది కూడా గుర్తుంచుకోండి. ఆశా అక్కతోని మాత్రం కొట్లాడకండి, ఆమె మన ఊరి ఆడమనిషే, ఆమె జీతం ఎంతనో మీకు తెల్సు.

గోడకున్న ప్లాస్టిక్ కవరు పారేయకండి. అందులో కాగితాలు తేదీల వరసన పెట్టి, పైన ఒక తెల్ల కాగితం మీద అమ్మకు ఏ రోగముంది, ఏ గోలీ వాడుతున్నది, ఏ మందు పడదు అని తెలుగులో రాసి పెట్టండి. బీదర్ పోయేవాళ్ళు పక్కన కన్నడంలోనో హిందీలోనో కూడా రాయించుకోండి. గ్రామసభ తీర్మానం నకలు కావాలన్నవాళ్ళు ఇప్పుడు పేర్లు ఇయ్యుండ్రి. తండా పేరు చాలు, ఫోన్ నంబరు అక్కర్లేదు.